అరవై ఒకటిలో ఖాళీ జాగా

నల్గొండలో ఒక డిగ్రీ కాలేజీ పిల్లలు, ఆటలు నేర్పే పరమేశ్వర్‌ను ఎదురుగా ‘పీడీ సార్’ అంటారు, వెనకాల ‘కాంటా సారు’ అంటారు. వెనకాల పిలిచేదే అసలు పేరని ఆయనకూ తెలుసు. మనిషి ఎదురైతే ఆయన ముందు మొహం చూడడు. భుజాలు చూస్తాడు, పిక్కలు చూస్తాడు, నడుము దగ్గర కాసేపు ఆగుతాడు. “అరవై ఎనిమిది ఉంటవు, అవునా?” అని అడిగాక గాని మొహం దాకా రాడు. ఎదుటివాడు కుస్తీ పిల్లవాడే కానక్కర్లేదు. బ్యాంకు మేనేజరైనా అంతే, పెళ్లికి పిలవడానికొచ్చిన చుట్టమైనా అంతే. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ మేడంను చూసి కూడా నోరు తెరిచాడట. పక్కనున్న అటెండర్ మోచేత్తో పొడిస్తే, తెరిచిన నోటితోనే నమస్తే పెట్టాడట.

పెళ్లిచూపుల నాడు పిల్ల ఎట్లుందిరా అని అవ్వ అడిగితే “యాభై ఒకటి” అన్నాడు. ఆ పిల్ల స్వర్ణలత. ఆ మాట ఆమె మర్చిపోలేదు, ఆయన్ని మర్చిపోనివ్వదు కూడా. కూరలో ఉప్పెక్కువైందని ఆయనంటే, “గప్పుడు నన్ను తూచినవు గదా, రేపటి నుంచి ఉప్పు గూడ నువ్వే తూచియ్యి” అంటుంది.

ఈ పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. రామన్నపేట దగ్గరి పల్లెలో మగ్గమున్న ఇల్లు వాళ్లది. చిన్నప్పటి నుంచి గుంట మగ్గంలో కాళ్లు పెట్టి తొక్కీ తొక్కీ పిక్కలు రాళ్లలా అయ్యాయి. అట్లాంటి కాళ్లున్నవాణ్ణి కింద పడెయ్యడం తేలిక కాదు. డిగ్రీకొచ్చి కుస్తీలో చేరితే రెండేళ్లలోనే జిల్లాలో పేరొచ్చింది. ఆఖరేడాది యాభై ఏడు కిలోల్లో పరమేశ్వర్‌కు ఎదురు లేదని పక్క కాలేజీల వాళ్లే అనేవాళ్లు.

అయితే మధ్యలో అవ్వ ఉంది. మనవడు ఒక్క పరీక్ష కూడా తప్పకుండా ఆఖరేడాదికి రావాలని యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కుకుంది. వచ్చాడు. అంటే జుట్టు స్వామిదైపోయింది, గుట్ట మీద తప్ప ఎక్కడా కత్తెర తగలకూడదు. స్వామి ఉత్సవాల నాడే ఇవ్వాలని అవ్వ పట్టు, అందాకా పెంచాడు. ఆ జుట్టుతోనే యూనివర్సిటీ పోటీలకు పోయి కాంటా ఎక్కాడు. ముల్లు గీత దాటి కొంచెం అవతల నిలబడింది. బట్టలన్నీ విప్పాడు, లంగోటీ ఒక్కటే మిగిలింది. ముల్లు కదల్లేదు.

“ఎంట్రుకలు కత్తిరించుకో పో” అన్నాడు అప్పటి పీడీ.

“అవ్వ మొక్కు ఉంది సార్.”

“అయితే ఎక్స్‌ట్రాల కూసో” అని ఆ సారు ఛాయ్ తాగడానికి పోయాడు.

పరమేశ్వర్ ఎక్స్‌ట్రాగా గోడకానుకుని కూర్చున్నాడు. తను ప్రాక్టీసులో ఎన్నోసార్లు ఎత్తి పడేసిన పిల్లవాడు ఆ రోజు యాభై ఏడులో మొదటి బహుమతి పట్టుకుపోయాడు. వారం తిరక్కుండానే అవ్వతో గుట్టకు పోయి తలనీలాలు ఇచ్చాడు. తల తడుముకుంటూ, “ఎంత బరువుంటది గిది?” అని మంగలిని అడిగాడు. “దేవునికి ఇచ్చేదాన్ని తూస్తరా బిడ్డా” అని అతను జుట్టు పోగుచేసుకుని పోయాడు. అడిగినదానికి జవాబు రాలేదు. అప్పట్నుంచి కనబడ్డ ప్రతి మనిషినీ తూచడం మొదలైంది.

అవ్వతో ఏనాడూ గొడవ పడలేదు. అవ్వతో గుట్టకు మాత్రం మళ్లీ పోలేదు. ఏటేటా ఆమె అడిగేది, “కాలేజీ ఉంది అవ్వా” అనేవాడు. కాలేజీ లేని రోజుల్లో కూడా అదే మాట. ఇంత చిన్నదానికా అని మీరనొచ్చు. ఔను, ఇంత చిన్నదానికే. అవ్వ అడుగుతూనే పోయింది.

తర్వాత ఆయనే పీడీ అయ్యాడు, అదీ తను చదివిన కాలేజీలోనే. తన పిల్లలకు ఒకటే సూత్రం చెప్పేవాడు. బరువు తగ్గు, కింది బరువులో దిగు. ఉన్నదానికంటే పై బరువులో దిగినవాణ్ణి పిండి పిసికినట్టు పిసుకుతారు. ఇన్నేళ్లలో ఒక్క పిల్లవాణ్ణీ పైకి పంపలేదు. తగ్గలేనివాడు ఎక్స్‌ట్రాలో కూర్చునేవాడు.

ఈ ఏడు జట్టు సంగతి డిసెంబరు మొదటికే తలనొప్పిగా తయారైంది. ఒక కాలేజీ నుంచి ఒక్కో బరువుకు ఒక్కడే దిగాలి. పై బరువుల్లో ఇబ్బంది లేదు. అరవై ఐదులో పెద్దులు అనేవాడున్నాడు, తెల్లారి లేస్తే పడుకునేదాకా తింటాడు గాని ఆశ్చర్యంగా అరవై ఐదు దాటడు. డెబ్బై నాలుగులో అరుణ్ ఉన్నాడు, వాడితో ప్రాక్టీసు చెయ్యడానికి ఎవడూ ముందుకు రాడు, అదే వాడి ప్రతిభ. చిక్కంతా కింద. యాభై ఏడుకు ఇద్దరున్నారు. అరవై ఒకటికి ఒక్కడూ లేడు.

ఆ ఇద్దరిలో ఒకడు ఏసోబు. రెండో ఏడాది, ఉన్న బరువే యాభై ఏడు, చేపలా జారిపోతాడు. రెండోవాడు వీరేశం. మక్తల్ దగ్గర జొన్న చేలు చేసుకునే ఇంటి పిల్లవాడు, మేనమామ నల్గొండలో ఉండడంతో ఇక్కడ చదువుతున్నాడు. ఉన్న బరువు అరవైకి అటూ ఇటూ. మొదటి ఏడాది ఆ బరువులో సీనియర్ ఉండడంతో ఎక్స్‌ట్రాలో కూర్చున్నాడు. రెండో ఏడాది భుజం జారి ఎక్స్‌ట్రాలో కూర్చున్నాడు. ఇది ఆఖరేడాది. ఇది కూడా పోతే చేనికి పోవడమే, ఇక మ్యాట్ ఎక్కేది లేదు. వాడేం అడగలేదు. అడిగే రకం కాదు. పరమేశ్వరే ఒకనాడు వాడు గోడకానుకుని కూర్చోవడం చూసి, “ఈ ఏడు నిన్ను మ్యాట్ ఎక్కిస్తరా” అని నోరు జారాడు. నోరు జారాక అది మాటే అయిపోయింది.

ఇద్దరికీ పోటీ పెట్టాడు. వీరేశం ఏసోబును వెల్లకిలా పడేసి అదిమిపట్టాడు. యాభై ఏడు వీరేశంది. మూడు కిలోలు తగ్గాలంతే. ఏసోబు ఎక్స్‌ట్రా. ఏసోబు సరే సార్ అని పోయి గోడ దగ్గర కూర్చున్నాడు.

వీరేశానికి అన్నం బంద్ అయింది. మిట్టమధ్యాహ్నం రెయిన్‌కోటు తొడిగి గ్రౌండ్ చుట్టూ ఉరికించాడు. రోడ్డు మీద ఆటోవాళ్లు వాణ్ణి చూసి, వానేమన్నా వస్తుందేమోనని ఆకాశం చూసేవాళ్లు. అంత ఉరికినా బరువు తగ్గలేదు. పైగా రెండో వారంలో కొంచెం పెరిగింది. పరమేశ్వర్‌కు కాలేజీ కాంటా మీద అనుమానం వచ్చి రిపేరుకు పంపాడు. కాంటా పోయిన మర్నాడే అసలు కారణం గ్రౌండ్‌లోకి నడిచి వచ్చింది. చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ డబ్బా ఉంది.

“సారూ, మా పిలగానికి అన్నం బంద్ వెట్టింది మీరేనా?”

ఆమె పేరు నిర్మలమ్మ, వీరేశం తల్లి. కొడుకు అన్నం ముట్టడం లేదని తమ్ముడు ఫోన్ చేస్తే మక్తల్ నుంచి దిగింది. దిగిన రోజు నుంచి జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు, నెయ్యి కలిపిన బెల్లం ముద్దలు నడుస్తున్నాయి. పరమేశ్వర్ అలవాటుగా ఆమె భుజాల దాకా చూసి, అక్కడ ఆగిపోయాడు. ఆమె ముఖం అట్లా ఉంది.

“నేనే అమ్మా. జర మూడు కిలోలు తగ్గాలె. పోటీలైనంక మీ ఇష్టం, ఎంతన్న తినవెట్టుకోండ్రి.”

“ఒక్క కిలో గూడ తగ్గొద్దు సారూ. గా బరువు తల్లిది.”

“ఏ తల్లిది?”

“సమ్మక్క తల్లిది. వచ్చే జాతరకు నిలువెత్తు బంగారం ఇయ్యాలె.”

మేడారంలో బంగారమంటే బెల్లమని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనిషెంత బరువుంటే అంత బెల్లం తూచి తల్లికి అప్పజెప్పాలి. మొక్కు అనే మాట చెవిన పడగానే పరమేశ్వర్‌కు నడినెత్తి మండింది. ఆ నెత్తి మీద ఇప్పుడు జుట్టు కూడా లేదు, మంట నేరుగా తగిలింది.

“మొక్కితె మొక్కిన్రు. అరవై కిలోలైతే ఏంది, యాభై ఏడైతే ఏంది? మీకే బెల్లం తక్కువైతది గదమ్మా.”

“అయ్యో సారూ, గదే గద మోసం.” ఆమె టిఫిన్ డబ్బా గట్టు మీద పెట్టి కూర్చుంది. “వీడు నడక నేర్సినంక పాడు జెరం వచ్చింది. దవాఖానల ఆశ లేదన్నరు. గప్పుడు తల్లికి మొక్కిన. మావాళ్లు ఇప్పుడే ఇస్తనని మొక్కు అన్నరు. ఇప్పుడిస్తే ఎంతుంటడు సారూ, పది కిలోలు లేడు. నేను తల్లికి ఆశ వెట్టిన. వీణ్ని సాది ఇయ్యి, పెద్దగైనంక మంచిగ తూగుతడు, గప్పుడు నిండుగ ఇస్త అన్న. తల్లి నా మాట నమ్మి వీణ్ని సాదింది. ఇప్పుడు తూకమొచ్చే యాళ్లకు బరువు దించుకుంటె ఏమన్నట్టు?”

పరమేశ్వర్ వేళ్ల మీద లెక్కేశాడు. ఆ లెక్కలో తప్పెక్కడుందో వెతికాడు, దొరకలేదు.

“సరే, ఇయ్యాలనే బెల్లం తూచుకోండ్రి. తూచినంక బరువు తగ్గిస్త.”

“తల్లికి అప్పజెప్పేదాక పిలగాడు గదే బరువు మీద ఉండాలె సారూ.”

“గద్దె కాడ మళ్ల తూస్తరా ఎవరన్న?”

“ఎవ్వరు తూయరు. ఆమెకు ఎరికైతది.”

వీరేశం రెయిన్‌కోటులో చెమటలు కారుతూ నిలబడి ఉన్నాడు. “నువ్వేమంటవురా?” అని అడిగాడు పరమేశ్వర్. వాడు నేల చూశాడు. “అమ్మ మొక్కు ఉంది సార్” అన్నాడు.

పరమేశ్వర్ నోటికి అలవాటైన మాట వచ్చేసింది. “అయితే ఎక్స్‌ట్రాల కూసో. నేనేం జేస్త? ఏసోబు దిగుతడు.”

వీరేశం రెయిన్‌కోటు విప్పడం మొదలుపెట్టాడు. నిర్మలమ్మ మాత్రం లేవలేదు.

“సారూ, నాకు మీ కుస్తీల సంగతి తెల్వదు. గా యాభై ఏడు పైన ఏముంటది?”

“అరవై ఒకటి.”

“అండ్ల ఎవరున్నరు?”

“ఎవ్వరు లేరు. ఖాళీ.”

“ఖాళీ జాగ ఉంటే మా పోరడు నిలవడుడెందుకు? అండ్లనే కూసోవెట్టున్రి.”

బస్సులో సీటు సంగతి మాట్లాడినట్టే మాట్లాడింది. పరమేశ్వర్‌కు చిర్రెత్తింది. “బస్సు కాదమ్మా ఇది! అండ్ల ఒక్కొక్కడు దున్నపోతు లెక్క ఉంటడు. పైనుంచి దిగొచ్చినోళ్లే అందరు. ఎత్తి కింద వడేస్తరు వీణ్ని!”

“పడేస్తె పడ్తడు. లేస్తడు. గోడకు కూసుంటె పడేటోడు లేడు, లేసేటోడు లేడు గద సారూ.”

ఆమె డబ్బా మూత తీసి కొడుక్కు తొక్కు రాసిన రొట్టె ఇచ్చింది, పరమేశ్వర్‌కు కూడా ఒకటిచ్చింది. ఆయన రొట్టె చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆయనకు తన పోటీల రోజు గుర్తొస్తోంది. రాని రోజంటూ లేదు గాని, ఇన్నేళ్లూ ముల్లు దగ్గరే ఆగిపోయేవాడు. ఇవాళ ముల్లు దాటి పైకి పోయాడు. ఆ నాడు యాభై ఏడు పైన అరవై రెండు ఉండేది. వాళ్ల కాలేజీకి అరవై రెండులో ఎవరున్నారు? ఎవరూ లేరు. పేరు పిలిచారు, మళ్లీ పిలిచారు, ఎవరూ లేవలేదు, ఎదుటివాడు ఊరికే గెలిచిపోయాడు. పరమేశ్వర్ గోడకానుకుని ఆ పిలుపు విన్నాడు కూడా. ఆ సారు ఛాయ్ తాగి వచ్చి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయనకు తట్టలేదో, ఓడిపోయేవాణ్ణి దించడం ఎందుకనుకున్నాడో. అవ్వ జుట్టు మాత్రమే అడిగింది. గోడకు కూర్చోబెట్టింది ఆమె కాదు.

ఇంతమాత్రం తెలుసుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అవ్వ మీద పెట్టుకున్న కోపం ఇప్పుడు ఎవరికి తిరిగివ్వాలో తెలియక, రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తొక్కు కారమని నిర్మలమ్మ అనుకుని నీళ్లిచ్చింది.

“వీరేశం, అరవై ఒకటి నీది” అన్నాడు. “ఏసోబు, గోడ కాడికెల్లి లే. యాభై ఏడు నీది.” తర్వాత నిర్మలమ్మ వైపు తిరిగి, “ఇంక మీ ఇష్టం, మంచిగ తినవెట్టున్రి” అన్నాడు.

ఈ చివరి మాట అనకుండా ఉండాల్సింది. పీడీగా చేరాక పిల్లవాణ్ణి తినమనడం ఇదే మొదటిసారి, తల్లుల శక్తి ఎంతో ఆయనకు అంచనా లేదు. కాలేజీ కాంటా ఇంకా రిపేరు నుంచి రాలేదు. ఏం ఫికర్ లేదు, నా కళ్లున్నాయి గదా అనుకున్నాడు. రోజూ వీరేశాన్ని చూసి, “లోపల్నే ఉన్నవు” అనేవాడు.

జనవరిలో యూనివర్సిటీ పోటీలు. పొద్దున్నే బరువులు చూసే గదిలో వీరేశం లంగోటీతో మిషన్ ఎక్కాడు. అరవై ఒకటి దాటింది. కొంచెమే గాని దాటింది. కాంటా సారు కాంటా తప్పింది. ఎందుకు తప్పిందో ఆయనకు ఆ క్షణానే తెలిసింది. ఈ మధ్య ఆ పిల్లవాడు కనబడితే భుజాలు చూడడం మానేసి ముందు మొహం చూస్తున్నాడు.

“గది మూసేలోపు తగ్గితే తగ్గు, లేకుంటే లేదు” అన్నాడు అక్కడి అధికారి.

పరమేశ్వర్ వాణ్ణి ఉరికించాడు, గుంజీలు తీయించాడు, ఉమ్మమన్నాడు. వాడు మళ్లీ ఎక్కాడు. ఇంకా పిసరంత ఉంది. ఒంట్లో చెమట అయిపోయింది, నోట్లో ఉమ్మి అయిపోయింది. పరమేశ్వర్ వాడి తల వైపు చూశాడు. సినిమా హీరోలా నుదుటి మీదికి పడే ఒత్తు జుట్టు. తలుపు దగ్గర నిర్మలమ్మ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె దగ్గరికి పోయాడు.

“అమ్మా, పిలగాని జుట్టు మీద ఏమన్న మొక్కుందా?”

ఆమె ఆలోచించింది. దేవుళ్లందర్నీ ఒకసారి తలుచుకుంటున్నట్టుంది.

“జుట్టు మీద ఏం లేదు సారూ.”

ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో పట్టీలు కత్తిరించే కత్తెర ఉంది. మంగలి కోసం వెతికే టైము లేదు. పరమేశ్వర్ తనే వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి కత్తిరించడం మొదలుపెట్టాడు. ఎలుకలు కొరికినట్టు వస్తోంది. నిర్మలమ్మ పక్కన గొంతు కూర్చుని రాలిన జుట్టంతా ఏరి కొంగులో మూట కడుతోంది.

“అదెందుకమ్మా?”

“గిది గూడ వాని బరువే గద సారూ. బెల్లం తూచేనాడు వానితోని కాంటల వెడ్త.”

పరమేశ్వర్ చెవుల వెనక ఇంకొంచెం మిగిలితే అదీ తీసేశాడు. వీరేశం మిషన్ ఎక్కాడు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఆడి అరవై ఒకటి దగ్గర ఆగాయి. అధికారి వాడి తల చూసి నవ్వు ఆపుకుంటూ, “పో, లోపలికి పో” అన్నాడు.

పేపర్లో రావాల్సినంతది ఏమీ జరగలేదు. ఏసోబు యాభై ఏడులో ఆఖరి దాకా పోయి రెండో బహుమతి తెచ్చుకున్నాడు. వీరేశం మొదటి కుస్తీ గెలిచాడు. రెండోదానిలో ఒక దున్నపోతు వాణ్ణి భుజాల దాకా లేపి మ్యాట్ మీద కొట్టింది. ఆ చప్పుడుకు నిర్మలమ్మ చేతిలో డబ్బా మూత ఊడి పడింది. వాడు పడి, కాసేపు పైకప్పు చూసి, లేచాడు. లేచి ఎదుటివాడితో చెయ్యి కలిపి, కుంటుకుంటూ, ఆ కొరుక్కుపోయిన తలతో నేరుగా పరమేశ్వర్ దగ్గరికొచ్చాడు. పళ్లన్నీ బయటికి కనబడుతున్నాయి.

“ఎక్కిన సార్” అన్నాడు. “మ్యాట్ ఎక్కిన.”

పరమేశ్వర్ వాడి తల మీద చెయ్యి వేశాడు. ఆ నాడు తను అనలేకపోయిన మాట వీడు అన్నాడు. సంతోషంలో ఏడుపు కలిసి ఎటూ కాకుండా నిలబడ్డాడు. పోటీ అంటే అంతే, ఆడినవాడు ఇంటికి పోతాడు, పీడీ సామాన్లు సర్దుకుంటాడు. ఆయన కూడా సర్దుకున్నాడు.

జాతర అయిపోయాక వీరేశం మేడారం నుంచి ప్రసాదం తెచ్చిచ్చాడు. నిలువెత్తు బెల్లంలో చిన్న ముక్క. తూచేటప్పుడు జుట్టు మూట వాడి ఒళ్లో పెట్టారట, అమ్మ మాట దక్కిందట. పరమేశ్వర్ ఇంటికి పోయి ఆ ముక్కలో సగం స్వర్ణలతకు పెట్టి, సగం తను నోట్లో వేసుకున్నాడు. కరిగేదాకా చప్పరించాడు.

“గుట్టకు పోదాం” అన్నాడు.

స్వర్ణలత బియ్యం చెరగడం ఆపి మొగుణ్ణి చూసింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఎన్నిసార్లడిగినా ఆ నోట రాని మాట అది.

“ఎందుకు ఇప్పుడు?”

“అవ్వ అడిగి అడిగి పాయె. పాపం, ఆమె జేసింది ఏం లేకుండె.” ఆయన తల తడుముకున్నాడు. “తలనీలాలు ఇచ్చొస్త. ఆమె పేరు మీద.”

స్వర్ణలత చేట కింద పెట్టింది. ఆయన భుజాలు చూడలేదు, పిక్కలు చూడలేదు. నిగనిగలాడే నడినెత్తి చూసింది, చెవుల మీద మిగిలిన నాలుగు వెంట్రుకలు చూసింది. నవ్వలేదు.

“ఇయ్యనీకి ఏమున్నదని?”

“ఉన్నకాడికి ఇస్త” అన్నాడు పరమేశ్వర్.